పేరు నుంచి కొలతకు: తెలుగులో శరీరధర్మశాస్త్రపు రసాయన, భౌతిక పునాదులు

వ్యాససంగ్రహం: శరీర నిర్మాణాన్ని వర్ణించడానికి పేర్లు చాలు, అది పనిచేసే తీరును వివరించడానికి కొలతలు కావాలి. ఈ మార్పులో పశ్చిమ గోదావరి ప్రాంతానికి చెందిన ఇద్దరు వైద్యుల పాత్రను, తెలుగు పారిభాషిక పదాలు మోస్తున్న చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆచంట లక్ష్మీపతి, యల్లాప్రగడ సుబ్బారావు, పారిభాషిక పదాలు, భాస్వరం, రక్తపోటు, ఏలూరు.

ఉపోద్ఘాతం:

యల్లాప్రగడ సుబ్బారావును తెలుగువారు మందులు కనిపెట్టిన శాస్త్రవేత్తగా స్మరిస్తారు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారన్న విషయం జీవితచరిత్రల్లో ఒక వాక్యంతో ముగిసిపోతుంది. లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదం వైపు మళ్ళినవారు. విజ్ఞానచంద్రికా మండలి కోసం తెలుగులో జీవశాస్త్ర గ్రంథం రాసినవారు. అందుచేత ఆ తరగతి గదిని ఒక ఉద్యోగపు మజిలీగా కాక, రెండు శాస్త్ర సంప్రదాయాలు ఒకే భాషలో ఎదురుపడిన చోటుగా చూడవలసి ఉంది.

రెండర్థాల ప్రాణవాయువు:

ఆయుర్వేదంలో ప్రాణవాయువు పంచవాయువులలో ఒకటి. శ్వాస, మింగడం వంటి క్రియలను నడిపేది అదే. ఆధునిక తెలుగు పాఠ్యపుస్తకంలో అదే మాట ఆక్సిజన్‌కు పేరు. మొదటిది ఒక క్రియాశక్తి. రెండవది తూకం వేయగల మూలకం. ఆయుర్వేదం చదువుతూ ఆధునిక శరీరశాస్త్రం నేర్చుకునే విద్యార్థికి ఈ రెండింటినీ విడదీసి చెప్పకపోతే, రక్తం ప్రాణవాయువును మోసుకుపోతుందన్న వాక్యం రెండు విధాల అర్థమవుతుంది.

ఈ చిక్కును తప్పించే మరో మాట ఆమ్లజని. అయితే అది లవాయిజే పెట్టిన పేరుకు అనువాదం. ఆమ్లాలన్నింటికీ ఈ మూలకమే కారణమని ఆయన నమ్మారు. 1810 ప్రాంతంలో హంఫ్రీ డేవీ ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. మన జఠరరసంలో ఉండే హైడ్రోక్లోరికామ్లంలో ఆమ్లజని లేనే లేదు. అంటే ఐరోపా వదిలేసిన ఒక సిద్ధాంతాన్ని తెలుగు పదం ఇంకా మోస్తూ ఉంది. దీనిని పదకర్తల లోపంగా భావించరాదు; ఆంగ్ల పదంలోనూ అదే పొరపాటు దాగి ఉంది. కాకపోతే గ్రీకు రాని పాఠకునికి అక్కడ అది కనబడదు, తెలుగులో మాత్రం విప్పి చెప్పినట్టు కనబడుతుంది.

భాస్వరపు నీలిరంగు:

1922లో బోస్టన్ చేరిన సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. 1925లో వారు ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి సూత్రం సరళమైనది. నమూనాలోని ఫాస్ఫేట్ ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేట్‌తో కలుస్తుంది; ఆ సమ్మేళనాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది; భాస్వరం ఎంత ఎక్కువైతే నీలి అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని తెలిసిన ద్రావణంతో పోల్చి పరిమాణం చెబుతారు. రంగు పుట్టడం రసాయనశాస్త్రం. కాంతి ఎంత శోషింపబడిందో చూడడం భౌతికశాస్త్రం.

అయితే కండరపు సారంలో రంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. పద్ధతిలో దోషమని పక్కన పెట్టేయదగిన విషయమది. వారు అలా చేయలేదు. ఆమ్లంలో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థమేదో కండరంలో ఉందని గ్రహించారు. అదే 1927లో వెల్లడైన ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాని జాడ కనిపెట్టారు. కండర సంకోచానికి లాక్టికామ్లమే మూలమని చెప్పిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావులు వేర్వేరుగా ఏటీపీని గుర్తించారు.

శవచ్ఛేదంలో కండరపు స్థానం, ఆకారం, దాని కొసలు ఏ ఎముకలకు అంటుకున్నాయన్నది తెలుస్తాయి; దాన్ని నడిపిన ఏటీపీ మాత్రం అక్కడ మిగలదు. అది తరిగిపోవడం వల్లనే చనిపోయిన దేహం బిగుసుకుంటుంది. కొల్లేటి చేపను ఐసులో పెట్టి ఎగుమతి చేసేవారు, ఒళ్ళు బిగువుగా ఉన్న చేపను తాజాదిగా ఎంచేవారు ఈ రసాయనాన్నే పేరు తెలియకుండా గమనిస్తున్నారు.

పోటు:

భౌతికశాస్త్ర భావనల్లో రక్తపోటు చెప్పుకోదగినది. పోటు అంటే సముద్రపు పొంగు. కొల్లేటిని బంగాళాఖాతంతో కలిపే ఉప్పుటేరు వెంట పోటు సమయాన ఉప్పునీరు పైకి వస్తుందని ఆ ఒడ్డువారికి తెలుసు. గుండె ప్రతి స్పందనకూ ధమనుల్లో వచ్చే పొంగుకు ఇంతకంటే చక్కని మాట దొరకదు. కానీ తలపోటు, పంటిపోటు అన్నప్పుడు పోటు బాధ. ఈ రెండో అర్థపు నీడ పడి, రక్తపోటు వ్యాధి పేరుగా స్థిరపడింది. ‘ఆయనకు రక్తపోటు ఉంది’ అంటాము. అది లేనివారు బతికి ఉండరు. తరగతిలో నేను 120 మిల్లీమీటర్ల పాదరసాన్ని నీటిమట్టంగా మార్చి చెబుతాను: సుమారు 163 సెంటీమీటర్లు, అంటే చేపల చెరువులో దాదాపు మనిషి లోతు.

ఏలూరు, 2020:

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛ, వాంతులు, తలతిరుగుడుతో ఆసుపత్రిలో చేరారు. వార్తల్లో అది ‘వింత వ్యాధి’ అయింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ప్రకటించారు. తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్ళింది. ఆ మందుల్లో ఒక పెద్ద వర్గానికి ఆధారం సుబ్బారావు కొలిచిన భాస్వరమే. ఆ వర్గపు మందులు నాడీ సంకేతాన్ని ఆపవలసిన ఎంజైముకు భాస్వరాన్ని అతికించి దాన్ని నిలిపివేస్తాయి. కండరాలు అదురుతాయి, మూర్ఛ రావచ్చు.

కొలతలు వచ్చాయి గానీ వాటిని అందుకునే పరిభాష పాఠకుని వద్ద సిద్ధంగా లేదు. ‘భారలోహాలు’ అన్న మాటలో భారం లోహపు సాంద్రతకు సంబంధించినది. మింగిన పరిమాణానికి కాదు. రక్తంలో సీసాన్ని లెక్కించేది మైక్రోగ్రాములలో, అంటే గ్రాములో పది లక్షల వంతుల్లో.