గ్రేస్కేల్ చిత్రాల్లో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సవరణ

గ్రేస్కేల్ డిజిటల్ చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ ఒకే అంకె ఉంటుంది. సాధారణంగా వాడే 8 బిట్ల చిత్రంలో అది 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. 0 కారునలుపు, 255 తెలుపు, నడుమవన్నీ బూడిద ఛాయలు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సవరించడమంటే ఈ అంకెలను ఒక సూత్రం ప్రకారం మార్చడమే.

బ్రైట్‌నెస్ కూడిక లెక్క. స్కాన్ చేసిన ఒక పాత పుస్తకం పుటలో సిరా వెలిసి, కాగితం మాసి, అక్షరాల విలువ 70 దగ్గర, కాగితం విలువ 190 దగ్గర ఉన్నాయనుకుందాం. అన్నింటికీ 50 కలిపితే అవి 120, 240 అవుతాయి. పుట తెల్లబడుతుంది గాని అక్షరానికీ కాగితానికీ తేడా మునుపటి 120 దగ్గరే ఉంటుంది. చదవడం తేలిక కాదు.

ఆ తేడాను పెంచేది కాంట్రాస్ట్, ఇది గుణకారం. మధ్య విలువ 128 నుంచి ప్రతి పిక్సెల్ ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాన్ని 1.5 రెట్లు చేస్తే 70 కాస్తా 41కి దిగుతుంది, 190 పైకెక్కి 221 అవుతుంది. తేడా 180కి చేరుతుంది.

చిక్కంతా అంచుల దగ్గరే. 230, 245 విలువలకు 50 కలిపితే రెండూ పరిధి దాటి 255 దగ్గరే ఆగిపోతాయి. తర్వాత 50 తీసేసినా రెండూ 205గానే మిగులుతాయి. పోయిన తేడా తిరిగి రాదు. కొన్ని ప్రోగ్రాముల్లో అలా ఆపే ఏర్పాటు ఉండదు. అక్కడ 240కి 50 కలిపితే లెక్క 256 దాటి మళ్లీ మొదటికొచ్చి 34 వస్తుంది, తెల్లని చోట నల్లమచ్చ పడుతుంది. కొత్తగా ప్రోగ్రాం రాసేవారిని ఇది తరచు తికమక పెడుతుంది.

ఏ విలువ గల పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో చూపే పటం హిస్టోగ్రామ్. సవరణకు ముందు దాన్ని చూడటం మంచిది. విలువలన్నీ 70–190 మధ్యే ఇరుక్కుని ఉంటే 70ని 0గా, 190ని 255గా చేసి మిగిలినవాటిని అదే నిష్పత్తిలో సాగదీయవచ్చు; అప్పుడు 100 విలువ 64 అవుతుంది. అయితే ఒక్క ధూళి చుక్క 0గా, ఒక్క మెరుపు 255గా నమోదైనా ఈ పద్ధతి పనిచేయదు. అందుకే రెండు కొసల్లోనూ ఒక శాతం పిక్సెళ్లను లెక్కలోంచి తప్పించడం వాడుక. ఎంత సాగదీసినా కొత్త ఛాయలేవీ పుట్టవు, ఉన్నవాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి.

తెలుపును, నలుపును కదపకుండా నడిమి ఛాయలను మాత్రమే మార్చేది గామా సవరణ. గామా 0.5 అయితే 64 విలువ 128 అవుతుంది. 0, 255 ఉన్నచోటే ఉంటాయి. నీడలో ఉన్న ముఖాలకు బ్రైట్‌నెస్ పెంచడం కన్నా ఇదే మేలు.

వైద్యంలో ఈ పని మరింత సూక్ష్మం. సీటీ స్కాన్ విలువలు హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో ఉంటాయి: నీటికి 0, గాలికి −1000. ఆ విస్తృత పరిధినంతా ఒకేసారి తెరమీద చూపితే మెత్తని కణజాలాల మధ్య తేడాలు కంటికి ఆనవు. కాబట్టి చూడదలచిన భాగాన్నిబట్టి ‘విండో’ ఎంచుకుంటారు. విండో మధ్యబిందువు బ్రైట్‌నెస్‌ను, వెడల్పు కాంట్రాస్ట్‌ను నిర్ణయిస్తాయి. ఊపిరితిత్తులకు మధ్యబిందువు −600, వెడల్పు 1500 దగ్గర పెట్టడం పరిపాటి. మెత్తని కణజాలానికి 40, 400. విండో ఎన్నిసార్లు మార్చినా మారేది తెరమీది బొమ్మే. ఫైల్లోని అసలు విలువలు అలాగే ఉంటాయి.