కంచ గచ్చిబౌలి భూముల వివాదం

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల గురించి తలెత్తిన వివాదం ఇది. సర్వే నంబరు 25లోని ఈ భూమిని చదును చేసి ఐటీ పార్కు కోసం వేలం వేయాలని తెలంగాణ ప్రభుత్వం పూనుకోగా, విద్యార్థులు, పర్యావరణవాదులు అడ్డం తిరిగారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఈ నేల ఎవరిదన్న వ్యాజ్యం దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. దానిమీద ఏమేం బతుకుతున్నాయన్న ప్రశ్న మాత్రం బుల్డోజర్లు దిగాకే పెద్ద చర్చగా మారింది.

భూమి పూర్వాపరాలు

1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వం దానికి గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు కేటాయించింది కానీ, యాజమాన్య హక్కును దాని పేరిట మార్చలేదు. అప్పట్లో అదంతా ఊరికి దూరంగా రాళ్లగుట్టలు, తుప్పలు ఉన్న చోటు. 1998లో పక్కనే మాదాపూర్‌లో హైటెక్ సిటీ వెలిశాక అక్కడి ఎకరాల ధరలకు రెక్కలొచ్చాయి.

2003లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం క్రీడా ప్రాంగణాల కోసం ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాది ఈ 400 ఎకరాలను కేటాయించింది. బదులుగా విశ్వవిద్యాలయానికి గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతుంది. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేయడంతో సంస్థ కోర్టుకెక్కింది. 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. మే నెలలో సుప్రీంకోర్టు కూడా సంస్థ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఆపై భూమి తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల కార్పొరేషన్ చేతికి వెళ్లింది.

జీవజాలం

వ్యాజ్యం తెగనన్నాళ్లూ ఆ నేల జోలికి ఎవరూ పోలేదు. చెట్లు వాటంతటవే ఎదిగాయి. చుక్కల జింకలు, నెమళ్లు, ఉడుములు, నక్షత్ర తాబేళ్లు అక్కడ స్థిరపడ్డాయి. విశ్వవిద్యాలయ పరిసరాల్లో 200కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. బఫెలో లేక్, పీకాక్ లేక్ అని పిలుచుకునే నీటి మడుగులు, పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన మష్రూమ్ రాక్ ఈ ప్రాంతపు గుర్తులు.

2025 ఆందోళన

మార్చి 30, ఉగాది నాడు, పోలీసు బందోబస్తు మధ్య జేసీబీలు లోపలికి వెళ్లాయి. అడ్డుకోబోయిన విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఉగాది, రంజాన్ సెలవులు వరుసగా రావడంతో రాత్రింబవళ్లు పని సాగింది. లైట్ల వెలుతురులో చెట్లు కూలుతుంటే నెమళ్లు అరుస్తున్న వీడియోలు దేశమంతటా తిరిగాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో తయారుచేసినవని ప్రభుత్వం కేసులు పెట్టింది. విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క నాయకత్వంలో ప్రభుత్వం మంత్రుల కమిటీ వేసింది. విద్యార్థులపై పెట్టిన కేసుల ఉపసంహరణకూ ఆదేశాలిచ్చింది.

వాదప్రతివాదాలు

రెవెన్యూ రికార్డుల్లో ఇది కంచ, అంటే పశువుల మేతకు వదిలిన పోరంబోకు, అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. ఐటీ పార్కుతో రూ. 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని, బండలను, చెరువులను కాపాడతామని చెప్పింది.

పర్యావరణవాదులు 1996 నాటి గోదావర్మన్ కేసును ముందుకు తెచ్చారు. రికార్డుల్లో ఏమని రాసి ఉన్నా, యజమాని ఎవరైనా, అడవి లక్షణాలున్న భూమికి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని అందులో సుప్రీంకోర్టు తేల్చింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉద్దేశించిన వాల్టా చట్టం కింద అనుమతులు లేకుండా చెట్లు కొట్టారా అన్నదీ ప్రశ్నగా మారింది.

న్యాయస్థానాల్లో

ఏప్రిల్ 2న హైకోర్టు మరుసటి రోజు వరకు పనులు ఆపమంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు విషయాన్ని తనంతట తానే చేపట్టి, హైకోర్టు జ్యుడిషియల్ రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపింది. సుమారు 100 ఎకరాల్లో చెట్లు పడగొట్టారని, ఆ ప్రాంతంలో నెమళ్లు, జింకలు కనిపించాయని ఆయన నివేదించారు. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఎ.జి. మసీహ్ ధర్మాసనం ఏప్రిల్ 16న ఆ 100 ఎకరాలను తిరిగి ఎలా పచ్చగా మారుస్తారో చెప్పాలని ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆగస్టు విచారణలో, అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదని, పర్యావరణాన్ని కాపాడే ప్రతిపాదనతో రావాలని సూచించింది.

ప్రాముఖ్యం

నగర విస్తరణకు, పచ్చదనానికి మధ్య హైదరాబాద్‌లో నడిచిన పోరాటాల్లో ఇదొకటి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గం వేసిన 1996 నాటి 111 జీవోపై ఏళ్ల తరబడి చర్చ సాగింది. కేబీఆర్ జాతీయ ఉద్యానం చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రణాళికపై 2016లో నగరవాసులు రోడ్డెక్కారు. కంచ గచ్చిబౌలి ఈ చర్చను ఒక స్పష్టమైన అవసరం దగ్గర నిలిపింది. సర్కారు భూమిని వేలానికి పెట్టే ముందు హద్దులతోపాటు చెట్లను, నీటి మడుగులను, జంతువులను కూడా సర్వే చేసి, ఆ వివరాలు ప్రజల ముందు పెట్టాలి. ఆ పని ముందే జరిగి ఉంటే 100 ఎకరాల చెట్లను కోల్పోయాక కోర్టు మెట్లెక్కాల్సిన అవసరం ఉండేది కాదు.