డబుల్ లాక్ నుండి సర్వరు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరగా, పెనుగొలనులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. మన సభ్యుల జాబితాను ఇంటర్నెట్ సర్వరులో పెట్టాలన్న ఆలోచన ఉన్నది గనుక, సర్వరుకు తాళం వేసే విద్య ఎలా పెరిగిందో చెప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మనకు తాళాలు కొత్త కావు. ట్రెజరీ స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్ ఉండేది. తాళం చెవులు ఇద్దరి దగ్గర ఉండేవి. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. కంప్యూటరులోనూ అటువంటి ఆలోచనే. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు మొదలుపెట్టిన యూనిక్స్‌లో, ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు దిద్దవచ్చు అనే అనుమతులు విడివిడిగా ఏర్పడ్డాయి. సర్వాధికారాలూ గల ఖాతాకు 'రూట్' అని పేరు.

తాళం ఉండీ వేయకపోతే ఏమవుతుందో 1988 నవంబరు 2న లోకానికి తెలిసింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. మెయిలు పంపే ప్రోగ్రాములో పరీక్షల కోసం పెట్టిన సదుపాయాన్ని చాలా చోట్ల మూయకుండా వదిలేశారు. అది ఒక దారి. సులువుగా ఊహించదగిన పాస్‌వర్డులు మరొక దారి. 1990లలో ఓపెన్‌బీఎస్‌డీ వారు, అనవసరమైనవన్నీ మొదటే మూసి ఉంచి, కావలసినదే తెరిచే పద్ధతి పట్టారు.

మన రాష్ట్రంలో 1998 నవంబరులో 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. కొన్నాళ్లకు నేను పనిచేసే ఆఫీసుకూ వచ్చాయి. అందరం ఒక జూనియర్ అసిస్టెంటు పేరున్న ఖాతాతోనే పని చేసేవాళ్లం. పాస్‌వర్డు కాగితం మానిటరుకే అంటించి ఉండేది. ఒకనాడు ఒక పద్దు మారిపోయింది. కంప్యూటరు చూపింది ఆ అబ్బాయి పేరే. మెమో ఇచ్చి, ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ పాస్‌వర్డు నేనూ వాడానని చెప్పవలసిన చోట నేను నోరు మెదపలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

2017 మే నెలలో వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

కనుక సంఘం వారికి నా మనవి. ఎవరి ఖాతా వారికే ఉండాలి. రూట్ అధికారం ఇద్దరికి మించి వద్దు. అక్కరలేని సేవలు మూయాలి. సవరణలు వెంటనే వేయాలి. ఎవరు ఏమి చేశారో నమోదు కావాలి, దాని నకలు వేరే చోట ఉండాలి. మన పెన్షను నంబర్లు, బ్యాంకు ఖాతాలు అందులో ఉంటాయి. వాటికి తోడు, ఏ పాపం తెలియని ఒక ఉద్యోగి పరువు కూడా అందులోనే ఉంటుంది.