బాలింత మనోవ్యథ - చికిత్సా చరిత్రము

పురిటిగది వాకిట వేపమండలు కట్టి, బాలింత తలాపున ఇనుపముక్క నుంచుట మన యిండ్లలో తరతరముల యాచారము. దీనిని వట్టి మౌఢ్యమని కొట్టివేయుట సులభము. కాని ప్రసవానంతరము కొందరు స్త్రీల మనస్సు చెదరునని మన పెద్దలు కనిపెట్టిరి. కారణము తెలియక దానిని దయ్యమునకును, దృష్టికిని అంటగట్టిరి.

ఇతర దేశములవారును ఇంతకంటె మేలుగా నెరుగరు. హిపోక్రటీసు పేర పరగు గ్రీకు వైద్యగ్రంథములలో, సిజికసు పట్టణమున కవల యాడుబిడ్డలను కనిన యొక స్త్రీ జ్వరముతో, నిద్రలేక, మతి చలించి, పదునేడవనాడు మరణించినట్లు కలదు. జ్వరోన్మాదమునకును మనోవ్యథకును భేదము తెలియని కాలమది. చనుబాలు తలకెక్కుటచే నీ రోగము పుట్టునని ఐరోపా వైద్యులు చిరకాలము నమ్మిరి. రక్తము తీసిరి, విరేచనము లిచ్చిరి. 1858లో లూయీ విక్టర్ మార్సే యను ఫ్రెంచి వైద్యుడు గర్భిణుల, బాలింతల మనోరోగములను గూర్చి ప్రత్యేకగ్రంథము ప్రకటించెను.

పెక్కుమారులు ప్రసవించినవారును స్నేహశీలురును అగు స్త్రీలు పురిటివేళ చుట్టునుండవలెనని మన చరకసంహిత విధించినది. నూనెయంటు, వేడినీటి స్నానము, పుట్టినింటి విశ్రాంతి నేటికిని నిలిచియున్నవి. ఇందు మందు నూనెయా, అంటెడు చేయియా?

1989లో స్కాట్లండున ప్రకటితమైన పరిశోధన దీనికి కొంత యుత్తర మిచ్చినది. ఇంటికి వచ్చు ఆరోగ్యపరిచారికలు వారమున కొకమారు చొప్పున ఎనిమిది వారములు కూర్చుండి, నీతులు చెప్పక, బాలింత మాటలు వినిరి. అట్టి యాదరణ పొందిన 26 మందిలో 18 మందియు, పొందని 24 మందిలో 9 మందియు కోలుకొనిరి. 2008లో పాకిస్తానునందలి రావల్పిండి పల్లెల ఫలితములు వెలువడినవి. అచ్చట గ్రామ ఆరోగ్యసేవికలకు తర్ఫీదిచ్చి, వ్యాకులత నందిన తల్లులతో మాటలాడింపగా, బిడ్డకు ఆరునెలలు వచ్చునాటికి వారిలో నూటికి 23 మందికే వ్యథ మిగిలెను. ఆ తర్ఫీదు లేని సేవికలు చూచినచోట 53 మందికి మిగిలెను.

మూలికల విషయమున జాగరూకత వలయును. సెయింట్ జాన్స్ వర్ట్ యను మూలిక ఇతర మందుల శక్తిని మార్చివేయును. ఆకు అయినంతమాత్రమున నిరపాయము కాదు. మరియు 2002 నాటి గోవా పరిశోధన పేదరికమును, భర్త దౌష్ట్యమును, ఆడుపిల్ల పుట్టుటను ఈ వ్యథకు కారణములుగ చూపినది. ఆడుపిల్లయని ముఖము చిట్లించు అత్తగారి యెదుట ఏ తైలము పనిచేయును?

గృహస్థులారా! అంటుడు, స్నానము చేయింపుడు, దాపున కూర్చుండుడు. కాని తల్లి చావుమాట యెత్తినను, బిడ్డకు హాని తలపెట్టినను, ఒక్కదినమైన జాగుసేయక వైద్యునికడకు కొనిపొండు. వేపమండ కావలి యుండలేదు, మనుష్యుడే యుండవలెను.