కడప నేలపై గొలుసు, మీటరు

తుమ్మలపల్లె యురేనియం గనిలో సొరంగాల పొడవును మీటర్లలో లెక్కిస్తుండగా, ఆ చుట్టుపక్కల పులివెందుల ప్రాంతపు చీనీ తోటల్లో బోరు లోతును అడుగుల్లోనూ, భూమిని ఎకరాలు, సెంట్లలోనూ చెప్పుకుంటారు. ఈ రెండు పద్ధతులు నేటికీ కలిసి సాగడానికి జనానికి పాత కొలతలపై ఉన్న మమకారం ఒక్కటే కారణం కాదు. భూమి కొలిచిన గొలుసు స్వభావమే అందుకు అసలు కారణమని చెప్పవచ్చు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 33 అడుగుల గొలుసుతో భూములు కొలిపించాడు. ఆ గొలుసంత భుజం గల చతురస్రం 121 చదరపు గజాలు కాగా, అలాంటివి 40 కలిస్తే ఎకరా అవుతుంది. తెలంగాణలో గుంట అంటే నేటికీ ఇంతే. సెంటు లెక్కకు మాత్రం మూలం వేరు. 1620 ప్రాంతంలో ఇంగ్లండు గణితజ్ఞుడు ఎడ్మండ్ గంటర్ రూపొందించిన 66 అడుగుల గొలుసులో లింకులనే సమాన భాగాలు వంద ఉంటాయి. 10 చదరపు గొలుసులు ఎకరా, వెయ్యి చదరపు లింకులు సెంటు. అంటే బ్రిటిషు కొలతల్లో పన్నెండు అంగుళాలు, మూడు అడుగులంటూ సాగే చిక్కులెక్క సర్వేయరుకు తగలనే లేదు, మెట్రిక్ పద్ధతికి గర్వకారణమైన దశాంశ సౌలభ్యం అతని చేతిలో ముందే ఉంది.

1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలైన తరువాత, వంద లింకులే ఉన్న 20 మీటర్ల గొలుసు వాడుకలోకి వచ్చింది. చూపుకు పాతదానిలాగే ఉన్నా ఇది 65.617 అడుగులే గనుక, పాత గొలుసుగా భ్రమించి పది చదరపు గొలుసుల భూమి కొలిస్తే 4,000 చదరపు మీటర్లే తేలుతుంది, ఎకరా 4,046.86 చదరపు మీటర్లు కాబట్టి సెంటుకు మించిన నేల లెక్కలోంచి జారిపోతుంది. గట్టు తగాదాకు సెంటు చాలు.

అడుగు విలువ కూడా మొదటినుంచీ ఒక్కటిగా లేదు. అంతర్జాతీయ ఒప్పందం 1959లో దాన్ని సరిగ్గా 0.3048 మీటర్లుగా స్థిరపరచగా, భారత సర్వేకు సంబంధించి 1937 నాటి విలువ 0.30479841, 1975 నాటిది 0.3047995. కిలోమీటరుకు కొన్ని మిల్లీమీటర్లు దాటని ఈ తేడా రైతుకు పట్టదు, వాడివాడి సాగిన గొలుసు తెచ్చే దోషం ముందు ఇది లెక్కలోకే రాదు. దూరప్రాంతాలను కలిపే పటాలకు మాత్రం పట్టించుకోక తప్పదు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లను, ఉపగ్రహ సంకేతాలను ఆశ్రయించింది. ఆ పరికరాలు హద్దురాళ్ల స్థానాలను మీటర్లలో గణించినా, పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలోకి మారిన తరువాతే అచ్చవుతుంది.