ఫ్లాష్ డ్రైవర్లు, కెర్నెల్ స్టాక్: అసలు కారణం ఏది?

లినక్స్ కెర్నెల్‌లో ఫ్లాష్ మెమరీ డ్రైవర్లు స్టాక్‌ను అతిగా వాడుకోవడానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. డ్రైవర్ రాసినవాళ్లు పెద్ద అర్రేలను లోకల్ వేరియబుల్స్‌గా పెట్టారన్నది ఒకటి. మెమరీ తప్పులను పట్టే కేసాన్ అనే సాధనం ఫ్రేములను, అంటే స్టాక్‌లో ఒక్కో ఫంక్షన్ వాడే చోటును, ఉబ్బించిందన్నది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజముంది. అసలు కారణం మాత్రం అంతకంటే పాతది.

స్టాక్ పరిమాణం విషయంలో తొలిదశ అందరికీ తెలిసిందే. 32 బిట్ల ఎక్స్86 మీద ఒక్కో ప్రాసెస్‌కు 8 కేబీ కెర్నెల్ స్టాక్ ఉండేది. 2004లో 2.6.6 వెర్షన్ దాన్ని 4 కేబీకి తగ్గించుకునే వీలిచ్చింది. 2.6.37లో ఆ వీలును తొలగించారు.

మన కథ కూడా 2004లోనే, 2.6.8తో మొదలవుతుంది. నార్ ఫ్లాష్ చిప్‌ల కోడ్‌లో మ్యాప్ వర్డ్ అనే స్ట్రక్చర్ మీద బిట్ లెక్కలు చేసే ఇన్‌లైన్ ఫంక్షన్లు అప్పటివే. 256 బిట్ల వెడల్పున్న అమరికలకూ పనికిరావాలి కనుక ఆ స్ట్రక్చర్ 32 బైట్ల దాకా ఉండవచ్చు. అది పెద్ద అర్రే ఏమీ కాదు. అయితే ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ దానికో నకలు పుడుతుంది. పని అయిపోయిన నకలు చోటును తర్వాతి దానికి ఇవ్వాల్సిన జీసీసీ కంపైలర్, ప్రతి నకలుకూ కొత్త చోటు కేటాయిస్తూ పోయింది.

2017 అక్టోబరులో కెర్నెల్ డెవలపర్ ఆర్న్డ్ బెర్గ్‌మాన్ ఆ ఫంక్షన్లను మాక్రోలుగా మార్చారు. కేసాన్ ఉన్నప్పుడు 2200 బైట్ల దాకా వెళ్లిన ఫ్రేము 1280కి దిగింది. కేసాన్ లేకుండా, ఆర్మ్ మీద జీసీసీ 5.4తో 920 బైట్లు 496 అయ్యాయి. ఈ రెండో లెక్కే నాకు కీలకం. కేసాన్ ఊసే లేనిచోట కూడా దాదాపు సగం వృథా జరిగింది. 32 బిట్ల కెర్నెల్‌లో, ఫ్రేము పెద్దదైతే కంపైలర్ ఇచ్చే హెచ్చరికకు హద్దు మామూలుగా 1024 బైట్లు. 920 దాన్ని దాటదు కనుక హెచ్చరిక రాలేదు. ఫ్రేమును కేసాన్ మరింత పెంచిన మాట నిజమే. ఆ పెరుగుదల వల్లే పాత లోపం బయటపడింది.

జీసీసీ 8 ఆ లోపాన్ని సరిదిద్దింది. 64 బిట్ల ఎక్స్86కు 2014లో 3.15తో 16 కేబీ స్టాక్ వచ్చింది. 2016లో 4.9 తెచ్చిన కాపలా పేజీ ఏర్పాటుతో స్టాక్ పొంగితే వెంటనే పట్టుబడుతోంది. ఇవన్నీ మేలే. వీటితో సమస్య తీరిందనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. కాపలా పేజీ ప్రమాదాన్ని పట్టిస్తుందే తప్ప వాడకాన్ని తగ్గించదు. నార్ చిప్‌లు ఎక్కువగా కనిపించే 32 బిట్ల ఆర్మ్ బోర్డులకు 16 కేబీ దక్కలేదు. మాక్రోలతో స్టాక్ మిగిలినా, ఆర్గ్యుమెంట్ల టైపు తనిఖీ పోయింది.

అన్నిటికంటే పెద్ద లోటు, హెచ్చరిక ఒక్కో ఫంక్షన్‌ను విడిగా కొలవడం. స్టాక్ పొంగేది ఫైల్ సిస్టమ్ నుంచి చిప్ డ్రైవర్ దాకా ఒకదాన్నొకటి పిలిచే ఫంక్షన్ల మొత్తం బరువుతో. డ్రైవర్ రాసేవారు ఆ దారి మొత్తాన్ని, తాము వాడే కంపైలర్‌తోనే కొలిచి చూసుకోవాలి.