నీటి వడి, బంగారు రేణువు: కుప్పం–కోలారు సరిహద్దులో జలగడుగు విధానం

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు రాజ్య సరిహద్దులను నిర్ధారించే సర్వే జరిగింది. తూర్పు సరిహద్దు పనిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఉరిగాం, మారికుప్పం పరిసరాలలో గ్రామస్థులు మట్టిని కడిగి బంగారం తీయడాన్ని స్వయంగా పరిశీలించాడు. ఆ గ్రామాలకు ఆగ్నేయంగా ఉన్న కుప్పం ప్రాంతం నాడు కంగుంది జమీందారీలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు అది ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. కోలారు శిలాశ్రేణి మాత్రం ఈ పాలనా హద్దులను పట్టించుకోక దక్షిణంగా చిగురుగుంట, బిసానత్తం వరకు సాగుతుంది.

మట్టిని కడిగి బంగారం ఏరే పనికి తెలుగులో జలగడుగు అని పేరు. కంసాలుల అంగళ్ల ముందరి ధూళిని కడిగేవారికీ ఇదే పేరు వర్తిస్తుంది. వారెన్ చూసిన కడుగుడులో దక్కిన బంగారం బహు స్వల్పం. ఈ స్వల్పత నేల పేదరికానికి సాక్ష్యమా, పనివారి నైపుణ్యలోపానికి సాక్ష్యమా అన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. నిజానికి రెండింటికన్నా ముందు అడగవలసినది వేరొకటి ఉంది: ఆ నీటి వడి ఏ పరిమాణపు రేణువును నిలుపగలదు?

నిశ్చల జలంలో సూక్ష్మరేణువు దిగే వేగానికి జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ 1851లో సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం వేగం వ్యాసపు వర్గానికి, రేణువుకూ నీటికీ గల సాంద్రతా భేదానికి అనులోమంగా ఉంటుంది. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, పలుగురాయిది సుమారు 2.65 రెట్లు. కనుక 20 మైక్రాన్ల బంగారు రేణువు, దానికి మూడు రెట్లకు పైగా వ్యాసమున్న పలుగు రేణువు ఇంచుమించు ఒకే వేగంతో, సెకనుకు 4 మిల్లీమీటర్ల చొప్పున దిగుతాయి. బంగారు రేణువు వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. రేకులా చదునైనది ఇంకా నెమ్మదిగా దిగుతుంది. ఇసుకను తోసుకుపోయేంత వడి గల నీరు ఈ సన్నని బంగారాన్నీ వెంటబెట్టుకుపోక తప్పదు. పలుగురాతిలో కంటికి కనబడనంత సన్నగా ఇమిడి ఉన్న బంగారం విషయంలో ఎంతటి నేర్పరి చేయి అయినా ఈ హద్దును దాటలేదు.

కాబట్టి వారెన్ చూసిన ఫలితం ఆ నేలలోని బంగారపు మొత్తాన్ని చెప్పదు. ఒక పరిమాణానికి మించిన రేణువుల వాటాను మాత్రమే చెబుతుంది. పరిమాణ విభజనను కొలిచే ప్రయోగశాలలోనూ ఇదే ప్రవాహం పనిచేస్తుంది. ఊర్ధ్వముఖంగా, తెలిసిన వేగంతో నీటిని పంపి, ఏ వేగం వద్ద ఎంత పదార్థం కొట్టుకుపోయిందో తూచే పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు నేలల పరిశోధనలో స్థిరపడింది. 1966లో కాల్విన్ గిడ్డింగ్స్ ప్రతిపాదించిన క్షేత్ర–ప్రవాహ విభజన ఆ కుటుంబానికే చెందుతుంది. జలగడుగువారు నిలిచినదాన్ని దాచుకుంటారు. ప్రయోగశాల మాత్రం కొట్టుకుపోయినదానికి కూడా లెక్క కడుతుంది. వారెన్ పరిశీలనకు కొరవడినది ఆ రెండవ లెక్కే.

ఆ లెక్కకు పరోక్ష సాక్ష్యం తరువాతి కాలంలో దొరుకుతుంది. మైకేల్ లావెల్ 1875లో కోలారులో తవ్వకాల హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసింది. మొదటి మరల నుంచి బయటికి పోయిన ఇసుకలో మిగిలిన సన్నని బంగారాన్ని, మెకార్థర్–ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంట్ పొందిన సైనైడ్ ప్రక్రియ కరిగించి రాబట్టింది. అక్కడ రేణువు నిలిచిందా కొట్టుకుపోయిందా అన్న ప్రశ్నే లేదు. బరువును ఆశ్రయించక ఉపరితలాన్ని ఆశ్రయించే ప్రక్రియ కనుక రేణువు ఎంత సన్ననైతే అంత సులభంగా కరుగుతుంది. జలగడుగువారి నీరు మోసుకుపోయిన భాగం ఈ పద్ధతిలో లాభంగా మారింది.